దొరికినదెంత, తప్పిపోయినదెంత? - గ్రంథపాలకులు, వెతికే యంత్రాలు, కృత్రిమ మేధ

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి శాస్త్రలోకానికి ఒక విచిత్రమైన ఇబ్బంది వచ్చిపడింది. విమానాల గురించి, రాడారు గురించి, మందుల గురించి యుద్ధకాలంలో రహస్యంగా సాగిన పరిశోధనల నివేదికలు వేలకొద్దీ ఒక్కమారుగా బయటపడ్డాయి. పత్రికలు పెరిగాయి, పరిశోధకులు పెరిగారు. గ్రంథాలయాలలోని సూచికార్డుల సొరుగులు మాత్రం పెరిగిన పంటకు చాలని గాదెలవలె ఉండిపోయాయి. తాను తలపెట్టిన ప్రయోగం ఇదివరకే ఎవరైనా చేశారో లేదో వెతకడం కంటె, ఆ ప్రయోగమేదో తానే మళ్ళీ చేసుకోవడం నయమని ఇంజనీరు అనుకునే పరిస్థితి ఏర్పడింది. 1945 జూలైలో అమెరికా శాస్త్రజ్ఞుడు వన్నెవార్ బుష్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ బాధనే చెప్పి, ఒక మనిషి పుస్తకాలూ కాగితాలూ అన్నీ బల్లంత యంత్రంలో ఇమిడిపోయి, మీట నొక్కగానే కావలసినది కళ్ళముందు నిలిచే రోజును ఊహించాడు. 1948లో లండనులోని రాయల్ సొసైటీ ఈ ఒక్క సమస్య కోసమే పెద్ద సమావేశం జరిపింది.

ఇబ్బంది ఉన్నచోటికి దానికి మందు అమ్మేవాళ్ళు కూడా వస్తారు. 1950 తరువాత అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ కొత్త సూచికా పద్ధతులు అనేకం బయలుదేరాయి. ప్రతి పద్ధతీ తక్కినవాటిని మించినదేనని దాని కర్తల ప్రచారం. వాటిలో గట్టిగా వినవచ్చిన పేరు 'యూనిటెర్మ్'. దీని కర్త మోర్టిమర్ టౌబ్ అనే గ్రంథపాలకుడు. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో పనిచేసి, బయటికి వచ్చి సొంత సంస్థ పెట్టుకొన్నాడు. అతని పద్ధతి చాలా సులభమైనది. 'విమానపు రెక్కలపై ఉష్ణప్రభావం' వంటి పొడుగాటి శీర్షికలు అక్కరలేదు. 'రెక్క' అనే మాటకు ఒక కార్డు, 'ఉష్ణం' అనే మాటకు ఒక కార్డు. ఆ మాటకు సంబంధించిన నివేదికల సంఖ్యలన్నీ ఆ కార్డుమీద వేస్తారు. రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ కనిపించే సంఖ్య ఏదో చూస్తే చాలు, కావలసిన నివేదిక అదే. ఇది గుమాస్తా కూడా చేయగల పని. వర్గీకరణ శాస్త్రాన్ని ఏళ్ళ తరబడి అభ్యసించినవారికి సహజంగానే ఇది మింగుడు పడలేదు.

సరే, ఏది మేలో పరీక్షించి చూద్దామన్నారు. 1953లో అమెరికా సైనిక సాంకేతిక సమాచార సంస్థ ఒకవైపు, టౌబ్ సంస్థ ఒకవైపు నిలిచాయి. నివేదికలు 15,000. ప్రశ్నలు 98. అవే నివేదికలను ఇరుపక్షాలూ తమతమ పద్ధతులలో సూచిక కట్టి, అవే ప్రశ్నలకు వెతికాయి. ఫలితం నవ్వు పుట్టించేదిగా ఉన్నది. ఎవరు గెలిచారో తేలనే లేదు. 1,390 నివేదికలు ప్రశ్నలకు సంబంధించినవేనని ఇరుపక్షాలూ ఒప్పుకొన్నాయి. మరొక 1,577 నివేదికల విషయంలో ఒకరు ఔనన్నదానిని రెండవవారు కాదన్నారు. కొలబద్ద లేకుండా పందెం వేసుకొంటే ఇంతకంటె ఏమవుతుంది?

కొలబద్ద కావాలని గట్టిగా పట్టుబట్టినవాడు ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డు వైమానిక కళాశాల గ్రంథపాలకుడు సిరిల్ క్లెవర్డన్. ఇతడు గణితజ్ఞుడు కాడు, యంత్రనిర్మాతా కాడు. బ్రిస్టలు పట్టణపు పౌరగ్రంథాలయంలోనూ, తరువాత ఒక విమాన కర్మాగారపు గ్రంథాలయంలోనూ పనిచేసి 1946లో క్రాన్‌ఫీల్డుకు వచ్చినవాడు. రోజూ ఇంజనీర్లు వచ్చి అడిగే ప్రశ్నలకు కాగితాలు వెతికి ఇవ్వడం ఇతని వృత్తి. 1957లో అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానం ఇచ్చిన ధనసహాయంతో ఇతడు మొదలుపెట్టిన పరీక్ష, నేటికీ వెతికే యంత్రాలన్నింటికీ గీటురాయిగా ఉన్నది.

వైమానిక శాస్త్రానికి చెందిన 18,000 పత్రాలను తీసుకొని, ఒక్కొక్కదానినీ నాలుగు పద్ధతులలో సూచిక కట్టించాడు. మొదటిది ఐరోపాలో వాడుకలో ఉన్న సార్వత్రిక దశాంశ వర్గీకరణ. రెండవది అక్షరక్రమంలో అమర్చిన విషయశీర్షికలు. మూడవది పార్శ్వ వర్గీకరణ. నాలుగవది టౌబ్‌గారి యూనిటెర్మ్. మూడవ పద్ధతికి మూలం మన దేశంలోనే ఉన్నది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులు ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణలో, ఒక విషయాన్ని దాని వేరువేరు పార్శ్వాలుగా విడదీసి సంకేతించే మార్గం చూపారు. ఇంగ్లండులోని యువ గ్రంథపాలకులు దానినే ముందుకు తీసుకొనిపోయారు. కనుక క్రాన్‌ఫీల్డు పరీక్షలో ఒక విధంగా మద్రాసు కూడా పోటీలో నిలిచినట్లే.

తరువాత 1,200 ప్రశ్నలు తయారుచేశారు. ప్రతి ప్రశ్నకూ మూలమైన పత్రం ఒకటి ఉంటుంది. వెతికినప్పుడు ఆ పత్రం చిక్కితే గెలుపు, చిక్కకపోతే ఓటమి. 1962లో లెక్క తేలింది. యూనిటెర్మ్‌కు నూటికి 82, అక్షరక్రమ శీర్షికలకు 81.5, దశాంశ వర్గీకరణకు 75.6, పార్శ్వ వర్గీకరణకు 73.8. అందరూ మొదటి స్థానం ఎవరిదని చూశారుగాని, క్లెవర్డన్ చూపు మరొకవైపు పోయింది. నాలుగు పద్ధతులకూ మధ్య తేడా ఇంత స్వల్పమెందుకు? ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడిందో ఒక్కొక్కటిగా తీసి చూశాడు. నూటికి 60 ఓటములకు కారణం సూచిక కట్టిన మనిషి పొరపాటు. వెతికినవారి పొరపాటు 17. ప్రశ్నలోని లోపం 17. పద్ధతి లోపం వల్ల తప్పినవి ఆరంటే ఆరు. పద్ధతులను గురించి పదేళ్ళుగా సాగిన వాదమంతా ఆ ఆరింటి గురించి!

మెచ్చుకొన్నవారికంటె తప్పుపట్టినవారే అప్పుడు ఎక్కువ. ఉన్న పత్రాన్ని చూసి ప్రశ్న తయారుచేస్తే, ఆ ప్రశ్నలో పత్రంలోని మాటలే దొర్లవా అన్నారు. న్యాయమైన ఆక్షేపణే. క్లెవర్డన్ దానిని తోసివేయలేదు. రెండవ పరీక్షలో, కొత్తగా పత్రాలు ప్రచురించిన పరిశోధకులకే ఉత్తరాలు వ్రాసి, 'మీ పరిశోధనకు మూలమైన ప్రశ్న ఏమిటి?' అని అడిగించాడు. పత్రాల సంఖ్యను 1,400కు తగ్గించి, విద్యార్థులచేత ప్రతి ప్రశ్నకూ ప్రతి పత్రమూ చూపించి, సందేహమున్నవాటిని ఆ పరిశోధకులకే తిరిగి పంపి తీర్పు చెప్పించాడు. 1966లో వచ్చిన ఫలితం ఆయనకే ఆశ్చర్యం కలిగించింది. పరీక్షించిన 33 సూచికా భాషలలో మిన్నగా నిలిచినవి, పత్రంలో ఉన్న విడివిడి మాటలను ఉన్నవున్నట్టు వాడుకొన్నవి. పండితుల చేతి కౌశలం కంటె వట్టి మాటలే మెరుగు! నేడు మనం యంత్రంలో రెండు మాటలు కొట్టి వెతుకుతున్నామంటే, ఆ పద్ధతి పనిచేస్తుందని మొదట లెక్కకట్టి చూపినది ఒక గ్రంథాలయం.

క్రాన్‌ఫీల్డు స్థిరపరచిన రెండు కొలతలను ఇక్కడ కొంచెం వివరించాలి. చెరువులో వంద చేపలున్నాయనుకొందాం. వల వేస్తే అరవై చేపలు పడ్డాయి. వాటితోపాటు నలభై తుంగగడ్డలు కూడా పడ్డాయి. ఉన్న చేపలలో ఎన్ని పడ్డాయన్నది మొదటి కొలత. దీనిని ఇంగ్లీషులో రికాల్ అంటారు, మనం లబ్ధి అనవచ్చును. పడినవాటిలో చేపలెన్ని అన్నది రెండవ కొలత. దీనిని ప్రిసిషన్ అంటారు, మనం శుద్ధి అనవచ్చును. వల కన్ను చిన్నదిచేస్తే చేపలు ఎక్కువ పడతాయి, తుంగా ఎక్కువే పడుతుంది. కన్ను పెద్దదిచేస్తే తుంగ జారిపోతుంది, చేపలూ జారిపోతాయి. రెండూ ఒక్కసారి పెరగడం అరుదు. వీటిలో శుద్ధిని తెలుసుకోవడం తేలిక, పడినదంతా గట్టున కనిపిస్తూనే ఉంటుంది. లబ్ధి అలా కాదు. చెరువులో ఇంకా ఎన్ని మిగిలాయో గట్టున నిలుచున్నవాడికి కనిపించదు. పరిశోధకుడిని ముంచేది ఎప్పుడూ ఈ రెండవ సంగతే.

యంత్రం ఈ చెరువులోకి దిగినది 1964లో. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 'మెడ్లార్స్' అనే పేరుతో వైద్యపత్రాల సూచికను కంప్యూటరుకు ఎక్కించి, వైద్యులు పంపే ప్రశ్నలకు జాబితాలు తీసి పంపడం మొదలుపెట్టింది. ఇది పనిచేస్తున్నదా లేదా అని పరీక్షించే పనిని విల్‌ఫ్రిడ్ లాంకాస్టర్‌కు అప్పగించారు. ఇతడూ గ్రంథపాలకుడే, క్రాన్‌ఫీల్డు పరీక్షలలో పనిచేసినవాడు. నిజంగా వైద్యులూ పరిశోధకులూ పంపిన ప్రశ్నలు సుమారు 300 తీసుకొని ఇతడు తేల్చిన లెక్క: లబ్ధి నూటికి 57.7, శుద్ధి 50.4. అంటే ఉన్న పత్రాలలో నూటికి నలభైకి పైగా దొరకలేదు. దొరికినవాటిలో సగం పనికిరానివి. ఈ లెక్కను 1968లో ఆ గ్రంథాలయమే అచ్చువేసి అందరిచేతిలో పెట్టింది. తన యంత్రం ఎంత తప్పిందో తానే చెప్పుకొనే సంస్థలు ఎప్పుడూ కొద్దే కనుక ఈ సంగతి గుర్తుంచుకోవలసినది.

లాంకాస్టర్ నివేదికలో మరొక విశేషం ఉన్నది. ప్రశ్నను సొంత మాటలలో ఉత్తరం వ్రాసి పంపిన వైద్యులకు మంచి జాబితాలు వచ్చాయి. గ్రంథపాలకుని ఎదుట కూర్చుండి, చర్చించి, ప్రశ్నను 'సరిదిద్దుకొన్న' వారికి అంత మంచివి రాలేదు. ఏమైందంటే, గ్రంథపాలకుడు తన సూచికలోని పదాలను ముందుగానే అందించడంతో, వైద్యుడు తన అసలు ప్రశ్నను వదిలి ఆ పదాలలో ఇమిడే ప్రశ్ననే అడిగాడు. సాయం చేయబోయి ప్రశ్ననే మార్చివేయడం! గ్రంథపాలకులు తమపైనే వేసుకొన్న ఈ కొరడాదెబ్బ, నేడు ప్రశ్నను మధ్యలోనే అందుకొని పూర్తిచేసే యంత్రాలకు మరింత గట్టిగా తగులుతుంది.

ఇంతలో యూనిటెర్మ్ కర్త టౌబ్ మరొక దారి పట్టాడు. 'కృత్రిమ మేధ' అనే మాట 1955లో జాన్ మెకార్తీ ప్రభృతుల ప్రతిపాదనలో పుట్టి, మరుసటి ఏడు డార్ట్‌మత్ సమావేశంతో ప్రచారంలోకి వచ్చింది. యంత్రాలు భాషలు అనువదిస్తాయనీ, నేర్చుకొంటాయనీ, ఆలోచిస్తాయనీ పత్రికలు వ్రాయసాగాయి. 1961లో టౌబ్ ఆలోచించే యంత్రాలన్నది కట్టుకథ అని వాదిస్తూ ఒక పుస్తకమే ప్రకటించాడు. అర్థమన్నది నియమాలకు లొంగదు గనుక యంత్రానువాదం అసాధ్యమని అతని సిద్ధాంతం. ఇంకా చేయని పనులను చేసినట్టే మాట్లాడుతున్నారని అతని కోపం. రెండవది నాటికీ నేటికీ సరియైన మాట. మొదటిది నిలువలేదు, నేడు యంత్రాలు లోపాలతోనైనా అనువదిస్తూనే ఉన్నాయి. యంత్రం 'చేయలేదు' అని వాదించినవాడి మాట యంత్రం చేసిననాడు చెల్లిపోయింది. 'ఎంతవరకు చేసింది?' అని లెక్కపెట్టిన క్లెవర్డన్, లాంకాస్టరుల మాట అరవై ఏళ్ళకు కూడా చెల్లలేదు. ఒకే తరపు గ్రంథపాలకులు యంత్రాన్ని విమర్శించిన తీరులు ఇవి రెండు.

లెక్కపెట్టకపోతే ఏమవుతుందో 1985లో డేవిడ్ బ్లెయిర్, మారన్ అనే ఇద్దరు చూపించారు. ఒక పెద్ద వ్యాజ్యానికి సంబంధించిన 40,000 పత్రాలు, సుమారు మూడున్నర లక్షల పుటలు కంప్యూటరులో ఉన్నాయి. కావలసినవాటిలో నూటికి 75 అయినా దొరకాలని న్యాయవాదులు షరతు పెట్టారు. వెతుకులాట సాగింది. దొరికినవి చూసి, ఆ మేరకు దొరికాయనే నమ్మి, తృప్తిపడ్డారు. తరువాత జాగ్రత్తగా తేల్చి చూస్తే దొరికినవి సగటున నూటికి 20. దొరికినవాటిలో మాత్రం నూటికి 79 పనికివచ్చేవే. మోసం అక్కడే ఉన్నది. గట్టున పడినదంతా మంచి చేపే అయినప్పుడు చెరువులో మిగిలినదాని ఊసు ఎవరికి తోస్తుంది? వాడినవారి తృప్తి యంత్రానికి యోగ్యతాపత్రం కాదని ఇంత స్పష్టంగా చెప్పిన ప్రయోగం మరొకటి లేదు.

ఇప్పటివరకు చెప్పిన పరీక్షలన్నింటికీ ఆధారంగా ఒక నమ్మకమున్నది. అది ఎంత సహజమైనదంటే ఎవరూ దానిని పైకి చెప్పవలసిన అవసరం కూడా రాలేదు. ఏమనగా, దొరికిన పత్రం ఉన్నదే అయి ఉంటుంది. వలలో తుంగ పడవచ్చును, చెప్పు పడవచ్చును. చెరువులో లేనిది మాత్రం పడదు. ఈ నమ్మకం 2022లో చెదిరింది.

ఆ ఏడు నవంబరు 30న చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది. దానికి పక్షం రోజుల ముందే మెటా సంస్థ 'గెలాక్టికా' అనే యంత్రాన్ని శాస్త్రజ్ఞుల కోసమంటూ ప్రదర్శనకు పెట్టింది. 4 కోట్ల 80 లక్షల శాస్త్రపత్రాలు, పాఠ్యగ్రంథాలు వగైరాలతో శిక్షణ పొందినదని చెప్పుకొన్నారు. అది లేని సంగతులను ఉన్నట్టు శాస్త్రభాషలో వ్రాసిపెడుతున్నదని గగ్గోలు పుట్టగా, మూడు రోజులకే ఆ ప్రదర్శనను ఎత్తివేశారు.

ఈ భాషాయంత్రాలు వెతికే యంత్రాలు కావు. కోట్లకొలది పుటలు చదివించి, ఏ మాట తునక తరువాత ఏ తునక రావడానికి ఎంత అవకాశమున్నదో వీటికి నేర్పుతారు. పిదప అడిగినదానికి ఒక్కొక్క తునకా పేర్చుకొంటూ పోతాయి. పరిశోధన పత్రం చివర ఇచ్చే ఆధారానికి ఒక అచ్చు ఉన్నది: రచయిత పేరు, శీర్షిక, పత్రిక, సంపుటం, పుటలు, సంవత్సరం. యంత్రం ఆ అచ్చును బాగా ఎరుగును. ఆ విషయంలో తరచు వినిపించే ఇంటిపేర్లు ఎరుగును, శీర్షికలలో దొర్లే మాటలు ఎరుగును. అచ్చులో మట్టి నింపి తీస్తే ఇటుక వచ్చినట్టు, ఆధారం వస్తుంది. అది ఉన్న పత్రానిదే కావచ్చును, కాకపోవచ్చును. రెండింటినీ యంత్రం తయారుచేసే విధానంలో తేడా లేదు. అందుచేత చూపులలోనూ తేడా ఉండదు.

న్యాయంగా చెప్పాలంటే లేని ఆధారాలు యంత్రంతోనే పుట్టలేదు. ఒక ప్రసిద్ధ ప్రచురణసంస్థ, ఆధారాలను ఎట్లా వ్రాయాలో రచయితలకు చూపడానికి 'వాన్ డెర్ గీర్, 2000' అనే ఒక పత్రాన్ని ఉదాహరణగా ఇచ్చేది. అటువంటి పత్రం లేదు, అటువంటి పత్రికా లేదు. అయినా సుమారు 400 పరిశోధన పత్రాలు దానిని ఆధారంగా చూపాయని 2017లో యాన్-విల్ హార్జింగ్ వెల్లడించింది. చాలామంది నమూనా కాగితంమీద తమ వ్యాసం వ్రాసుకొని, ఆ నమూనా పంక్తిని తుడిచివేయడం మరచారన్నమాట. 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురి మరొక లెక్క తీశారు. 4,300 సార్లు ఉదహరింపబడిన ఒక భౌతికశాస్త్ర పత్రం విషయంలో 196 చోట్ల అచ్చుతప్పులు కనిపించాయి. కాని భిన్నమైన తప్పులు 45 మాత్రమే. తక్కినవి ఒకరి తప్పును ఇంకొకరు చూసి వ్రాసినవి. ఒకే పుటసంఖ్య తప్పు 78 మార్లు దొర్లింది. మూలాన్ని తెరిచి చూసి ఉదహరించేవారు అయిదుగురిలో ఒకరు ఉంటారేమోనని వారి అంచనా. మూలం చూడకుండా ఉదహరించే అలవాటు మనిషిదే. యంత్రం వచ్చి దానికి వేగం కల్పించింది.

2023లో విలియం వాల్టర్స్ అనే కళాశాల గ్రంథాలయ నిర్వాహకుడు, ఎస్తర్ వైల్డర్ అనే సమాజశాస్త్ర అధ్యాపకురాలు కలిసి క్రాన్‌ఫీల్డు దారినే పోయారు. 42 విషయాలమీద చాట్‌జీపీటీ చేత 84 చిన్న వ్యాసాలు వ్రాయించి, అవి చూపిన 636 ఆధారాలను ఒక్కొక్కటే వెతికారు. పాత కూర్పు ఇచ్చినవాటిలో నూటికి 55, కొత్త కూర్పు ఇచ్చినవాటిలో నూటికి 18 లోకంలో లేనివి. ఉన్నవాటిలో కూడా పాతదానికి నూటికి 43, కొత్తదానికి 24 చొప్పున పేర్లలోనో సంపుటాలలోనో గణనీయమైన తప్పులున్నాయి. ఇవి ఆనాటి కూర్పుల లెక్కలు. ఈనాటి కూర్పులకు ఇవే వర్తిస్తాయనుకోరాదు. లెక్క మారుతూ ఉంటుంది గనుకనే లెక్కపెట్టేవాడు కావాలి. లబ్ధికీ, శుద్ధికీ తోడు ఇప్పుడు మూడవ గడి ఒకటి వచ్చింది: అస్తిత్వం.

ఈ మూడవ గడి నింపడం చాలా శ్రమతో కూడిన పని. ఉన్నదానిని వెతకడం కంటె, లేనిదానిని లేదని తేల్చడానికే ఎక్కువ సేపు పడుతుంది. పరిశోధకుడు ఒక ఆధారం తెచ్చి, పత్రం తెప్పించి పెట్టమంటాడు. శీర్షిక ఎక్కడా కనిపించదు. ఐతే శీర్షిక తప్పేమోనని రచయిత పేరుతో వెతకాలి. రచయిత నిజమైన మనిషి, అదే రంగంలో పనిచేసినవాడు. పత్రికా నిజమైనదే. సంపుటం తీసి చూస్తే ఆ పుటలలో వేరొకరి వ్యాసం ఉంటుంది. 2000 తరువాత వాడుకలోకి వచ్చిన డీవోఐ సంఖ్య ఇచ్చి ఉంటే దానిని నొక్కి చూడాలి. అది మరొక పత్రానికి దారితీస్తుంది. ఇంత అయిన తరువాతగాని 'అటువంటి పత్రం లేదు' అని వ్రాసి ఇవ్వడానికి చేయి రాదు. యంత్రానికి ఆ ఆధారం కల్పించడానికి పట్టినది కొన్ని క్షణాలు.

ఈ లోపాన్ని సవరించడానికి తరువాతి యంత్రాలకు ముందు వెతికి పిమ్మట వ్రాసే ఏర్పాటు చేశారు. అడిగినదానికి పత్రాలను వెతికి తెచ్చుకొని, వాటిని చూస్తూ సంగ్రహం వ్రాస్తాయి. కల్పిత ఆధారాలు దీనివల్ల తగ్గుతాయి. కాని పత్రం నిజమైనదే అయినా, అందులో లేని మాటను దానికి అంటగట్టే అవకాశం ఉండనే ఉన్నది. పైగా వెతకడం మొదలుపెట్టగానే క్రాన్‌ఫీల్డు ప్రశ్న తిరిగి వచ్చి గుమ్మంలో నిలుస్తుంది. ఏ చెరువులో వెతికినది? ఎన్ని మిగిలాయి? 1968లో వైద్య గ్రంథాలయం ఇచ్చినట్టు ఈ యంత్రాల యజమానులు సాధారణంగా జవాబు ఇవ్వరు. చక్కని నాలుగు పేరాల సంగ్రహమూ, దాని కింద పది నిజమైన పత్రాలూ కనిపిస్తే, బ్లెయిర్, మారన్ చెప్పిన న్యాయవాదులవలె పరిశోధకుడు తృప్తిపడి లేచిపోతాడు.

వైద్యంలో ఈ తృప్తి ప్రమాదకరమైనది. ఒక మందు పనిచేస్తుందా అన్నదానికి ఇంతవరకు జరిగిన ప్రయోగాలన్నింటినీ కూర్చి తీర్పు చెప్పే సమీక్షలున్నాయి. మందు పనిచేయలేదన్న ప్రయోగం ఒకటి తప్పిపోతే తీర్పే తారుమారు కావచ్చును. కనుకనే ఏ సంచయంలో, ఏ తేదీన, ఏ మాటలతో వెతికారో పూర్తిగా వ్రాసిపెట్టాలని 'ప్రిజ్మా-ఎస్' అనే 16 అంశాల నియమావళి 2021లో వెలువడింది. దాని నిర్మాణంలో గ్రంథపాలకుల చేయి ఉన్నది. మరొకరు అదే వెతుకులాటను మళ్ళీ చేసి సరిచూడగలగాలన్నది దాని ఉద్దేశం. భాషాయంత్రాన్ని అదే ప్రశ్న రెండుమార్లు అడిగితే ఒకే జవాబు రావాలన్న నియమం లేదు. అటువంటి జవాబును సమీక్షకు ఏకైక ఆధారంగా అంగీకరించమని చెప్పే అధికారం గ్రంథపాలకునికి ఈ నియమావళి ఇస్తున్నది. దారి చూపడానికి, కొత్త మాటలు తట్టడానికి వాడుకొంటే అభ్యంతరం లేదు.

గ్రంథాలయాల చేతిపొరపాటు కూడా యంత్రం నోట పలుకుతుందనడానికి ఒక తమాషా ఉదాహరణ ఉన్నది. 1950 ప్రాంతపు సూక్ష్మజీవశాస్త్ర పత్రికలో రెండు నిలువు వరుసలుగా అచ్చయిన వ్యాసాలను తరువాత కాలంలో ఛాయాగ్రహణం చేసి కంప్యూటరుకు ఎక్కించారు. అక్షరాలు చదివే యంత్రం ఎడమ వరుసలోని 'వెజిటేటివ్' అనే మాటను కుడి వరుసలోని 'ఎలక్ట్రాన్' అనే మాటతో కలిపి చదివింది. శాస్త్రంలో ఎన్నడూ లేని 'వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ' పుట్టింది. పర్షియన్ భాషలో ఒక్క చుక్క తేడాతో కలిగిన అనువాద దోషం కూడా దీనికి తోడై ఉండవచ్చునంటారు. మొత్తంమీద ఆ లేని సూక్ష్మదర్శనం ఇరవైకి పైగా పత్రాలలోకి ఎక్కింది. భాషాయంత్రాలు కూడా దానిని నేర్చుకొన్నాయని 2025లో పరిశోధకులు చూపారు. ఒకచోట కుట్టు తప్పితే చొక్కా అంతా వంకర పోయినట్టు అయింది.

వరుసలుగా అచ్చయిన పాత పత్రికలు తెలుగులోనూ ఉన్నాయి. మన ఒత్తులూ, గుణింతాలూ, అరిగిన సీసపు అచ్చులూ అక్షరాలు చదివే యంత్రానికి మరింత కష్టం. యంత్రాలకు చదివించే వెబ్ పుటలలో తెలుగు వంతు నూటికి ఒకటిలో చాలా చిన్న భాగం. 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాల బీరువాలలో ఉన్న పత్రికలలో ఏవి ఛాయాగ్రహణం అయ్యాయో, అయినవాటిలో ఏవి సరిగా చదవబడ్డాయో, ఏవి కాలేదో చెప్పగలవారు ఆ బీరువాల తాళాలు దగ్గర ఉన్నవారే. ఆ చిట్టా ఒకటి పక్కనుంటే, ఆంధ్రదేశ చరిత్రపై యంత్రం ఇచ్చిన జవాబు ఏ చెరువులోనిదో పరిశోధకుడికి తెలుస్తుంది.

క్రాన్‌ఫీల్డు పద్ధతి ఇప్పుడు తెలుగుదాకా వచ్చింది. 2020లో 'టైడై', 2022లో 'మిరకల్' అనే పేర్లతో అనేక భాషల పరీక్షా సంచయాలు వెలువడ్డాయి. రెండింటిలోనూ తెలుగు ఉన్నది. ప్రశ్నలు అడిగినవారు, ఏది తగిన జవాబో తీర్పు చెప్పినవారు ఆ భాష తెలిసిన మనుష్యులే. యంత్రం తెలుగులో ఎంత బాగా వెతుకుతున్నదో వీటితో కొలుస్తున్నారు. ఐతే రెండింటికీ చెరువు ఒకటే: వికీపీడియా. వేటపాలెం బీరువాలోని సంచిక అందులో లేదు గనుక, అది తప్పిపోయినా ఆ పరీక్షలో యంత్రానికి మార్కు తగ్గదు.